పాత బండి జాతకం

వంకాయలు కొనేటప్పుడు ముచ్చిక చూస్తాం. బియ్యం కొనేటప్పుడు నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరుకుతాం. పట్టుచీరయితే అంచు తిప్పి వెనకవైపు చూస్తాం. ఇక పెళ్ళి సంబంధమయితే చెప్పనే అక్కర్లేదు, పిల్లాడి మేనత్త ఎలాంటిదో కూడా ఆరా తీస్తాం. ఇన్ని పరీక్షలు తెలిసిన మనం, ఇంట్లోకి మోటారు సైకిలు కొనాల్సి వచ్చేసరికి మాత్రం "అబ్బే, అవన్నీ మగవాళ్ళ వ్యవహారాలు" అని చేతులు దులిపేసుకుంటాం. ఆ బండి వెనక సీటు మీద కూచునేది మనం. దాని మీద పొద్దున్నే వెళ్ళిన పిల్లాడు చీకటి పడ్డా రాకపోతే గుమ్మంలో నిలబడేది మనం. కానీ కొనేముందు దాన్ని చేత్తో తాకి చూసేది మాత్రం మనం కాదు. చిత్రం కదూ?

నన్ను ఆ పనికి పురమాయించింది మా ఇంట్లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నావిడ. వుండేది రసూల్‌పురాలో. కొడుకు ఇంటర్ పూర్తి చేశాడు. హోటళ్ళ నుంచి ఇళ్ళకి భోజనం పొట్లాలు చేరవేసే పని దొరికింది. అయితే సొంత బండి వుండాలి. కొత్త బండి రోడ్డెక్కేసరికి లక్షకి దగ్గర పడుతోంది. ఆవిడ చీటీ పాడితే చేతికొచ్చింది ముప్ఫై అయిదు వేలు.

"అమ్మా, పిలగాడు పాత బండి కొంటనంటుండు. మా గల్లీల మెకానిక్ భాయి జూస్తనన్నడు. కాయితాలు జూసెటందుకు మీరు రారాదు?" అంది.

"బండి సంగతి నాకేం తెలుసే?"

"బండి కాదమ్మా, కాయితాలు. ఇంగ్లీషు మీకొస్తది గద!"

నేను చదివింది బి.ఏ. రాసేది నవలలు. కార్బురేటరుకీ నాకూ ఎనిమిదామడల దూరం. అయినా ఆ ముప్ఫై అయిదు వేల వెనక ఎన్ని బిందెల అంట్లు, ఎన్ని బకెట్ల బట్టలు వున్నాయో ఆ లెక్క నాకు తెలుసు. బయల్దేరాను.

పాత బండి అనగానే కొందరు మొహం చిట్లిస్తారు. మన ఇళ్ళలో బండ్లన్నీ కొత్తగానే వచ్చాయా ఏమిటి? 1970లలో, 80లలో బజాజ్ స్కూటరు కోసం డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూసేవారని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. మన హైదరాబాదు ఆల్విన్ వారి పుష్పక్ స్కూటరు, మద్రాసులో తయారయ్యే బుల్లెట్, మైసూరు నుంచి వచ్చే జావా, దాని చెల్లెలు యెజ్డీ, ఏదైనా సరే ఇంటి ముందు నిలబడితే అదో హోదా. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక పెట్రోలు లెక్క చూసుకునే ఇళ్ళకి ధైర్యం వచ్చింది. ఆ రోజుల్లో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారిన బండ్లే ఎక్కువ. మా నాన్నగారి స్కూటరూ అలా వచ్చిందే. పొద్దున్నే దాన్ని ఓ పక్కకి వంచి, మళ్ళీ నిలబెట్టి, కిక్కు కొట్టేవారు. అది "డుర్‌ర్" మన్నాకే మా అమ్మ కాఫీ గ్లాసు అందించేది. పాతదనం తప్పు కాదు. ఎవరి చేతిలో పాతబడిందన్నదే అసలు ప్రశ్న. ఇది తర్వాత నాకు భాయి మాటల్లో ఇంకా బాగా తెలిసొచ్చింది.

మొదట చూసింది పాత బండ్లు అమ్మే ఒక దుకాణంలో. పేరెందుకులెండి. బారులు తీరి యాభై బండ్లున్నాయి. పెళ్ళిచూపులకి ముస్తాబయినట్టు అన్నీ తళతళ మెరుస్తున్నాయి. మా కుర్రాడి చూపు ఎర్రటి బండి మీద పడింది. ముప్ఫై ఆరు వేలు. "సింగిల్ ఓనర్ మేడమ్, ముప్ఫై ఒక్క వేల కిలోమీటర్లే తిరిగింది" అన్నాడు దుకాణం అబ్బాయి.

భాయికి అరవై దాటి వుంటాయి. ఆయన ఆ మాట విననట్టే వంగి, అరచెయ్యి తిరగేసి ఇంజనుకి దగ్గరగా పెట్టాడు. "మేడమ్, మీరు గూడ పెట్టి చూడున్రి" అన్నాడు. గోరువెచ్చగా వుంది!

"పొద్దుగాల తొమ్మిదింటికి ఇంజను వేడిగ ఎందుకున్నదంటే, మనకంటె ముందే ఎవరో దీన్ని నిద్ర లేపిన్రు" అన్నాడు.

అందులో మర్మం ఆయన చెప్పాకే అర్థమయింది. రాత్రంతా చల్లారిన ఇంజనే నిజం చెబుతుంది. లోపల అరిగిపోయిన బండి చల్లగా వున్నప్పుడు ఒక పట్టాన లేవదు. ఒకసారి వేడెక్కించి వుంచితే బుద్ధిగా ఒక్క కిక్కుకే లేచి కూచుంటుంది. అందుకే బండి చూడబోయే ముందు "మేం వచ్చేదాకా స్టార్టు చెయ్యకండి" అని చెప్పి వుంచాలి. చెప్పినా వేడిగా వుంటే, ఎందుకు వేడిగా వుందో అడగాలి.

స్టార్టు చేశాక పొగ చూడాలిట. మన పొయ్యి పొగ చూసి కట్టె పచ్చిదో ఎండుదో చెప్పినట్టే ఇదీను. నీలం పొగ అదే పనిగా వస్తుంటే ఇంజను ఆయిలు లోపల కాలిపోతోందని, అంటే రింగులో వాల్వు సీళ్ళో అరిగాయని అర్థం. అది చిన్న ఖర్చు కాదు. నల్ల పొగయితే పెట్రోలు ఎక్కువ తాగుతోందని. చలి పొద్దున కాసేపు తెల్లటి ఆవిరి వచ్చి పోతే దానికి భయపడక్కర్లేదు. యెజ్డీలు, రాజ్‌దూత్‌ల కథ వేరు. వాటిలో ఆయిలు పెట్రోలుతో కలిసే కాలుతుంది కాబట్టి కొంత పొగ వాటి పుట్టుకలోనే వుంది.

ఎర్ర బండి నీలం పొగే వదిలింది. సన్నగా, అగరొత్తి పొగలా.

ఈలోగా నా కళ్ళు కాళ్ళు పెట్టుకునే రబ్బర్ల మీద పడ్డాయి. మా అమ్మమ్మగారింట్లో రుబ్బురోలు ఎంత గుంట పడిందో చూసి ఆ ఇంట్లో ఎన్నేళ్ళు ఇడ్లీపిండి రుబ్బారో చెప్పవచ్చు. ఈ రబ్బర్ల మీద గీతలు మచ్చుకైనా లేవు, నున్నగా అరిగిపోయాయి. గేరు మార్చే కడ్డీ రబ్బరూ అంతే. ముప్ఫై ఒక్క వేల కిలోమీటర్లకే ఇంత అరుగుదలా? భాయితో అన్నాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి, "మీటరు ఎనకకి తిప్పొచ్చు మేడమ్. రబ్బరును ఎవడు తిప్పుతడు?" అన్నాడు. ఆ కితాబుకి నా బి.ఏ. పట్టా వచ్చినప్పటికన్నా ఎక్కువ సంతోషించానంటే నమ్మండి.

ఇక కాగితాలు. ఆర్సీలో వున్న పేరు ఇంకెవరిదో. ఫైనాన్సు కంపెనీకి తాకట్టులో వున్నట్టు రాసి వుంది. అప్పు తీరినట్టు కంపెనీ ఇచ్చే కాగితం ఏదీ అంటే "వస్తుంది మేడమ్" అన్నాడు. ఆ కాగితంతో పాటు ఫారం 35 మీద కంపెనీ వారి సంతకం లేనిదే ఆ తాకట్టు ఆర్సీ మీంచి తొలగదు. పేరు మారడానికి అమ్మేవాళ్ళు సంతకం చెయ్యాల్సినవి ఫారం 29, ఫారం 30. అవి తేదీ లేకుండా, కొనేవాళ్ళ పేరు లేకుండా, ఉత్త సంతకాలతో తయారుగా వున్నాయి. "ఇవాళే తీసుకెళ్ళొచ్చు. పేరు తీరిగ్గా మార్పించుకోవచ్చు" అన్నాడు.

అక్కచెల్లెళ్ళారా, ఈ "తీరిగ్గా" అన్న మాట దగ్గర జాగ్రత్త. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజుల్లోగా, కొన్నవారు 30 రోజుల్లోగా రవాణా శాఖకి తెలియజేయాలి. కొన్నవాళ్ళకి కాదు, అమ్మినవాళ్ళకి ఇంకా పెద్ద ప్రమాదం. 2018లో సుప్రీం కోర్టు ఒక కేసులో, బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషనులో పేరు ఎవరిదుందో వాళ్ళనే యజమాని కింద లెక్క కట్టి, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత వాళ్ళదేనని చెప్పింది. మీ ఇంట్లో ఎప్పుడో అమ్మేసిన స్కూటరు ఇంకా మీవారి పేరు మీదే వుందేమో ఓసారి చూసుకోండి.

"పైన పటారం, లోన లొటారం" అనుకుంటూ బయటికొచ్చాం. కుర్రాడి మొహం చిన్నబోయింది.

రెండో బండి సంగతి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెప్పాడు. ప్రకాశ్‌నగర్‌లో ఒక పెద్దావిడ. భర్త పోయి ఎనిమిది నెలలయింది. ఆయన బండి సెల్లారులో అలాగే వుంది. పిల్లలు పుణేలో. ఇరవై అయిదు వేలు వస్తే ఇచ్చేస్తానందిట.

సెల్లారులో దాని అవతారం చూడగానే కుర్రాడు నావైపు, నేను భాయివైపు చూశాం. ట్యాంకు మీద వేలెడు దుమ్ము. రెండు టైర్లూ చదునుగా నేలకి కరుచుకున్నాయి. బ్యాటరీ చచ్చిపోయింది. 2013 నాటి ఏపీ 10 నంబరు, అంటే సికింద్రాబాదు రిజిస్ట్రేషనే.

భాయి మాత్రం హుషారుగా చేతులు పైకి మడిచాడు. ముందు ఒక ప్రశ్న వేశాడు: "2020 అక్టోబరు వానలల్ల ఈ బండి ఏడున్నదమ్మా?" బేగంపేట నాలా పొంగడం మనకి కొత్త కాదు. 2000 ఆగస్టు 24న ఇక్కడ ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరులో మళ్ళీ సెల్లార్లు చెరువులయ్యాయి. అలా మునిగిన బండ్లు కడిగి, తుడిచి, రంగేసి అమ్మకానికి వస్తాయి. అందుకే హెడ్‌లైటు లోపల మట్టి చార, సీటు కింద బోల్టులకి తుప్పు, ఆయిల్లో పాలు కలిసినట్టు తెలుపు వున్నాయేమో చూడాలిట.

"నీళ్ళొస్తాయని టీవీలో చెప్పగానే ఆయన రాత్రే తీసుకెళ్ళి మెట్రో స్తంభం పక్కన ఎత్తు మీద పెట్టొచ్చారు" అందావిడ. "నన్ను కిందికి దింపడం తరవాత, బండి ముందు!" అని నవ్వబోయి ఆగిపోయింది.

భాయి ట్యాంకు మూత తీసి, సెల్‌ఫోను లైటు వేసి, ఒక కన్ను మూసి లోపలికి చూస్తున్నాడు. నాకెందుకో రోనాల్డ్ రాస్ గుర్తొచ్చాడు. మా బేగంపేటలోనే, పాత విమానాశ్రయానికి దగ్గర్లో వున్న ఆ భవనంలో, 1897 ఆగస్టు 20న ఆయన దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. అందరూ గాలిలో, నీటిలో వెతుకుతున్నదాన్ని ఆయన దోమ పొట్ట కోసి చూశాడు. మా భాయికి నోబెల్ బహుమతి ఎవరిస్తారు గానీ, చూసే పద్ధతి మాత్రం ఒకటే. ట్యాంకులో తుప్పు లేదు.

పాత పెట్రోలు తీసేసి, కార్బురేటరు విప్పి కడిగి, కొత్త పెట్రోలు పోసి, టైర్లకి గాలి కొట్టి కిక్కు వేశాడు. ఆరు కిక్కులకి ఉలకలేదు. ఏడోదానికి దగ్గి, తుమ్మి, లేచింది. కాసేపు తెల్లటి ఆవిరి, తర్వాత ఏమీ లేదు. భాయి పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని డాక్టరులా విన్నాడు. నాకూ వినిపించాడు. పైనుంచి "టిక్ టిక్" మని సన్నగా కుట్టుమిషను చప్పుడు. అది టాపెట్లదట, సరిచేస్తే పోతుంది. కింది నుంచి "డగ్ డగ్" మని బరువుగా వస్తే మాత్రం అది క్రాంకు జబ్బు, తూర్పు తిరిగి దణ్ణం పెట్టాల్సిందే.

తర్వాత పెద్ద స్టాండు వేసి ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టి ముందుకీ వెనక్కీ వూపాడు, లొటలొటలాడుతోందేమోనని. హ్యాండిలు ఇటూ అటూ తిప్పి మధ్యలో ఎక్కడైనా పట్టేస్తోందేమో చూశాడు. ముందు ఫోర్కుల మీద ఆయిలు చెమ్మ వెతికాడు. గొలుసు పళ్ళచక్రం పళ్ళు కొక్కేల్లా వంగితే గొలుసుతో సహా మొత్తం సెట్టు మార్చాలి. దీనికి మార్చాలి. టైర్ల పక్కన నాలుగంకెలు వుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2316 అంటే 2016లో ఇరవై మూడో వారంలో పుట్టిందన్నమాట. అరగకపోయినా వయసు మీరి, పగుళ్ళు వచ్చాయి. రెండూ మార్చాలి. పది నిమిషాలు ఇంజను తిరిగాక కింద ఆయిలు కారలేదు. ఖర్చంతా కలిపి ఎనిమిది వేలు తేల్చాడు. ఈ రకం బండికి సామాను రాణీగంజ్‌లోనో, పుత్లీబౌలీలోనో ఏ మూల అడిగినా దొరుకుతుందిట. పాత బండి నమ్మకంలో ఇదీ ఒక పాలే. ఎంత గొప్ప బండయినా సామాను దొరక్కపోతే పూజగదిలో పెట్టుకోవడానికే.

అప్పుడావిడ పైకెళ్ళి ఓ నోటుబుక్కు తెచ్చింది. పిల్లల పాత లెక్కల పుస్తకం. మొదటి పేజీలో ఓం. తర్వాత పదేళ్ళ పైచిలుకు కథ. తేదీ, కిలోమీటర్లు, ఆయిలు మార్పు, ఖర్చు. "బ్రేకు షూలు మార్చబడినవి." "క్లచ్ తీగ తెగినది, గ్రీన్‌లాండ్స్ దగ్గర." చివరి పేజీల్లో అక్షరాలు వణికాయి. ఆఖరి పద్దు ఆయన ఆసుపత్రిలో చేరడానికి పన్నెండు రోజుల ముందుది. అందులోనూ ఆయిలు మార్పించారు.

భాయి ఆ పుస్తకం తిరగేసి, నెమ్మదిగా మూసి, "ఇంజను చూడకున్నా ఈ బండి తీసుకోవచ్చు మేడమ్" అన్నాడు.

కానీ కాగితాల దగ్గర చిక్కు వచ్చింది. ఆర్సీ ఆయన పేరు మీద వుంది. ఆవిడ సంతకంతో అది అమ్ముడు కాదు. యజమాని పోతే 30 రోజుల్లో రవాణా శాఖకి తెలిపి, మూడు నెలల్లోగా ఫారం 31తో వారసుల పేరు మీదకి మార్చుకోవాలి. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆ దుఃఖంలో బండి కాగితాలు ఎవరికి గుర్తుంటాయి? ఇప్పుడు ఆలస్యపు రుసుము కట్టి, మరణ ధ్రువీకరణ పత్రం, వారసులెవరో తెలిపే పత్రం, పుణేలో పిల్లల అంగీకారం, అన్నీ పోగుచేసుకోవాలి. ఎంత లేదన్నా నెలన్నర.

నెలన్నర! కుర్రాడు గిలగిల్లాడాడు. బండి లేని ప్రతిరోజూ ఆ రోజు సంపాదన పోయినట్టే. ఆ దుకాణం అబ్బాయి సరిగ్గా అప్పుడే ఫోను చేసి, ఎర్ర బండి ముప్ఫై రెండు వేలకే ఇస్తానన్నాడు. "అమ్మా, గదే తీసుకుందాం. అందరు గట్లనే తీసుకుంటున్రు" అన్నాడు కుర్రాడు.

నేను నోరు మెదపలేదు. డబ్బు నాది కాదు, ఆకలి నాది కాదు. నాకు తెలిసింది చెప్పాను, ఆపైన నిర్ణయం ఆమెది.

ఆమె కొంగు నడుముకి చుట్టుకుని కొడుకువైపు తిరిగింది. "నువ్వు పుట్టెటందుకు తొమ్మిది నెలలు ఆగిన. బండికి నెలన్నర ఆగలేనా? రాత్రి పదకొండింటికి నడిమి రోడ్డుల ఆగిపోయే బండి నాకొద్దు. నువ్వు ఇల్లు జేరే బండి గావాలె" అంది.

నమ్మదగిన బండి అంటే ఏమిటో ఇంతకన్నా బాగా ఏ మెకానిక్కూ చెప్పలేడు. మైలేజీ, మెరుపు, మోడలు అన్నీ తర్వాత. ఇల్లు చేరాలి.

ఆ నెలన్నరా కుర్రాడు ఒక టిఫిను సెంటర్లో ప్లేట్లు అందించాడు. నేనూ ఆ పెద్దావిడా తిరుమలగిరి ఆఫీసుకి రెండుసార్లు వెళ్ళొచ్చాం. ఆర్సీ మీద తన పేరు చూసుకుని ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో నా పేరు మీద వచ్చిన మొదటి బండి ఇది. వచ్చీ రాగానే అమ్మేస్తున్నాను" అంది. తర్వాత చలానాలేమైనా బాకీ వున్నాయేమో చూసి, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో అంకె అంకె సరిపోల్చి, ఫారాల మీద తేదీలు వేసి సంతకాలు పెట్టుకున్నాం. 2028 దాకా రిజిస్ట్రేషను వుంది. పదిహేనేళ్ళు నిండాక మళ్ళీ పరీక్ష చేయించి, హరిత పన్ను కట్టి, అయిదేళ్ళకి పొడిగించుకోవచ్చు.

బండి ఇచ్చింది గానీ నోటుబుక్కు మాత్రం ఇవ్వలేదు. గుండెకి హత్తుకుని నిలబడింది. మేమూ అడగలేదు. కుర్రాడు పేజీలన్నీ సెల్‌ఫోనులో ఫోటోలు తీసుకుంటానంటే ఒక్కొక్క పేజీ తనే తిప్పి పట్టుకుంది.

ఈ మధ్య ఒక మంచి సదుపాయం వచ్చింది. 2021 నుంచీ ఆర్సీలో నామినీ పేరు రాయించుకునే వీలుంది. అలా రాయించి వుంటే ఆ తల్లికి సగం తిరుగుడు తప్పేది. ఈ రాత్రి భోజనాల దగ్గర మీవారిని అడగండి. "ఎందుకూ, నన్ను అప్పుడే పంపించేస్తున్నావా?" అంటారు. మావారూ అదే అన్నారు. నవ్వి వూరుకోకండి. అన్నం వడ్డిస్తూనే మళ్ళీ అడగండి.